వార్డులో నిర్ణయం: అనుభవాన్నీ స్కోరునీ కలిపి వాడటం ఎలా?

నైట్ డ్యూటీలో వార్డు నిండా పేషెంట్లు, ఉన్నది ఇద్దరు సిస్టర్లు. ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎవరి కోసం డ్యూటీ డాక్టర్‌ని నిద్ర లేపాలి, ఎవరిని తెల్లారేదాకా ఆపకుండా కాకినాడ పెద్దాసుపత్రికి పంపించాలి అన్నవి ఆ రాత్రి మీరు తేల్చుకోవాల్సిన సంగతులు. ఆర్డర్ రాసేది డాక్టరే. కానీ డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలో తేల్చేది నర్సు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో (సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో), చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసే స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. మన వార్డుల్లో ఒక అనవసరమైన పోటీ నడుస్తుంటుంది. చదువు పూర్తి చేసి కొత్తగా వచ్చినవాళ్లు చార్టునీ, బీపీ, పల్స్, శ్వాస లాంటివాటికి పాయింట్లు వేసి కలిపే స్కోరునీ నమ్ముతారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మేడమ్ "మొహం చూస్తే తెలియట్లా?" అంటారు. నా మాట ఏమిటంటే, రెండూ చెయ్యాలి. ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడకుండా విడివిడిగా చెయ్యాలి. తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదం ఉందని చెబితే దాని ప్రకారమే నడవాలి. ఎలాగో వరుసగా చెప్తాను.

మొదట మనిషిని చూడండి, తర్వాత మెషీన్

బీపీ ఆపరేటస్ తెరవకముందు అరనిమిషం బెడ్ కాళ్ల వైపు నిలబడండి. పేషెంట్ మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా? పడుకోలేక లేచి కూర్చుంటున్నాడా? చెమట పట్టిందా? అరచేయి, అరికాలు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉన్నాయా, చల్లబడ్డాయా? నిన్న ఈ వేళకి మీతో కబుర్లు చెప్పిన మనిషి ఈరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడా?

తర్వాత పక్కనున్న మనిషిని అడగండి. "పొద్దుట్నించీ అదోలా ఉన్నాడండి" అని వాళ్లమ్మ అంటే ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో వార్డులో తెలిసింది ఆవిడకొక్కదానికే. అదోలా అంటే ఎలా, ఏ టైమ్ నుంచి, తిన్నాడా, మనుషుల్ని గుర్తు పడుతున్నాడా అని విడమర్చి అడగండి.

ఇప్పుడు మీ మనసులో ఉన్నది ఒక్క మాటలో కాగితం మీద పెట్టండి: బాగున్నాడు, తేడాగా ఉంది, భయంగా ఉంది. అంకెలు చూడకముందే రాయాలి. ఒకసారి బీపీ 120/80 అని కనిపించాక, అంతకుముందు కలిగిన అనుమానాన్ని మనకు తెలియకుండానే చెరిపేసుకుంటాం.

ఈ అనుమానం ఉత్త భ్రమ కాదు. నెదర్లాండ్స్‌లో నర్సులకు కలిగే ఆందోళనను 2015 ప్రాంతంలో అధ్యయనం చేసి తొమ్మిది సూచికలుగా విడగొట్టారు. శ్వాసలో మార్పు, రక్తప్రసరణలో మార్పు, వణుకుతో చలి, తెలివిలో తేడా, అలజడి, నొప్పి, ఎంతకీ కోలుకోకపోవడం, "నాకు బాగోలేదు" అని పేషెంటే చెప్పడం, నర్సుకు తనంతట తనకు అనిపించేది. చివరిది కూడా ఆ లిస్టులో ఉందని గమనించండి. మీకు "ఏదో తేడాగా ఉంది" అనిపించినప్పుడు ఈ తొమ్మిదింట్లో ఏది మీ కంట పడిందో వెతుక్కోండి. సాధారణంగా ఒకటో రెండో దొరుకుతాయి. దొరికితే మీ అనుమానాన్ని ఇంకొకరికి చెప్పగలుగుతారు.

శ్వాసని నిమిషం పాటు లెక్కపెట్టండి

చాలా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టుల్లో శ్వాస గడిలో అందరికీ 20 అనో 18 అనో ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టరు. పేషెంట్ దిగజారడం మొదలైనప్పుడు బీపీ కంటే ముందు మారేది చాలాసార్లు శ్వాసే. అందుకే ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను: వాచీ చూస్తూ పూర్తిగా 60 సెకన్లు, పేషెంట్‌కు తెలియకుండా, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని లెక్కపెట్టండి. పల్స్ ఆక్సీమీటర్ 97 చూపిస్తోందని దీన్ని మానెయ్యకండి. పేషెంట్ ఎంత కష్టపడి ఆ 97 నిలబెట్టుకుంటున్నాడో ఆ మెషీన్ చెప్పదు.

ఇప్పుడు స్కోరు వేయండి

మీ ఆసుపత్రికి సొంత చార్టు ఉంటే అదే వాడండి. లేకపోతే బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ 2 (NEWS2) స్కోరు నేర్చుకోండి. ఇందులో చూసేవి శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్. మామూలుగా ఉంటే సున్నా, తేడా పెరిగేకొద్దీ 3 దాకా. శ్వాస 12 నుంచి 20 ఉంటే 0, 21 నుంచి 24 అయితే 2, 25 లేదా అంతకంటే ఎక్కువైతే 3. పై బీపీ 90 లేదా అంతకంటే తక్కువైతే 3. కొత్తగా అయోమయంగా మాట్లాడినా అదొక్కటే 3. మొత్తం 5 లేదా 6 వస్తే డాక్టర్ వెంటనే చూడాలి. 7 లేదా అంతకంటే ఎక్కువైతే ఎమర్జెన్సీ. ఏ ఒక్క గడిలో 3 వచ్చినా, మొత్తం తక్కువే ఉన్నా సరే, డాక్టర్‌కి చెప్పాలి.

ఈ స్కోరుకి హద్దులున్నాయి. 16 ఏళ్లలోపు పిల్లలకీ గర్భిణులకీ ఇది పనికిరాదు, వాళ్లకు వేరే చార్టులున్నాయి. పాత సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉండి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే పేషెంట్లకు ఆక్సిజన్ లక్ష్యం 88 నుంచి 92 శాతం, వాళ్ల కోసం చార్టులో వేరే గడి ఉంటుంది. హద్దులు తెలియకుండా వాడితే ఏ స్కోరైనా తప్పుదారి పట్టిస్తుంది.

రెండూ పక్కపక్కన పెట్టండి

అసలు పని ఇక్కడుంది. కాస్త నెమ్మదిగా చూద్దాం.

వానలు తగ్గి వరద తీసిన తర్వాత డెంగ్యూ సీజన్. లంక గ్రామం నుంచి వచ్చిన పాతికేళ్ల అమ్మాయి, జ్వరం ఐదో రోజు. మధ్యాహ్నం జ్వరం దిగిపోయింది. ఇంట్లోవాళ్లు సంతోషంగా ఉన్నారు, "రేపు ఇంటికి పంపించేస్తారా సిస్టర్?" అంటున్నారు. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే. ఎవరో బొప్పాయి ఆకు రసం కూడా తెచ్చారు. రాత్రి తొమ్మిదికి మీరు చూశారు: టెంపరేచర్ 98.2, శ్వాస 20, ఆక్సిజన్ 97, పల్స్ 98, బీపీ 104/86, పూర్తి స్పృహలో ఉంది. స్కోరు వేస్తే పల్స్‌కి ఒకటి, బీపీకి ఒకటి, మొత్తం 2. చార్టు ప్రకారం కంగారేం లేదు.

కానీ అంకెలు చూడకముందు మీరు కాగితం మీద రాసుకున్నది "తేడాగా ఉంది" అని. ఎందుకు? చేతులు చల్లగా ఉన్నాయి. కడుపునొప్పి అంటోంది. పక్క మీద కుదురుగా లేదు. మధ్యాహ్నం నుంచి ఒక్కసారే యూరిన్‌కి వెళ్లింది.

ఇప్పుడు బీపీ మళ్లీ చూడండి. 104 లోంచి 86 తీస్తే 18. డెంగ్యూలో పై బీపీకీ కింది బీపీకీ తేడా 20 లేదా అంతకంటే తక్కువకు పడిందంటే షాక్ (ఒంటికి రక్తం సరిగా అందని స్థితి) మొదలైందని అర్థం. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) బయటకు కారుతోంది, శరీరం నాళాలను బిగించి పై బీపీని నిలబెడుతోంది. న్యూస్ స్కోరు పై బీపీని మాత్రమే చూస్తుంది, ఈ తేడాని చూడదు. డెంగ్యూలో జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజులే ప్రమాద కాలమని చాలా కేసులు చూసిన సిస్టర్‌కి తెలుసు, అందుకే అందరూ ఊపిరి పీల్చుకున్న వేళ ఆవిడ ఆ బెడ్ దగ్గరికి రెండుసార్లు ఎక్కువ తిరుగుతుంది.

ఇక్కడ చేయకూడని పని, స్కోరు 2 వచ్చింది కదా అని మీ అనుమానాన్ని వదిలెయ్యడం. చేయాల్సింది, ఆ అనుమానాన్ని కొలవడం. బీపీ ఇంకోసారి చేత్తో చూడండి. గోరు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలి, వస్తోందేమో చూడండి. యూరిన్ కొలవండి. కేస్ షీట్‌లో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) వెతకండి. నిన్న 38, ఈరోజు 46 ఉంటే ఇరవై శాతం పైనే పెరిగింది, అంటే ప్లాస్మా కారి రక్తం చిక్కబడింది. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది అనుమానం కాదు, ఆధారం.

దీనికి రివర్స్ కూడా జరుగుతుంది. స్కోరు 6 వస్తుంది, సీనియర్ "ఏం కాదులే, ఈయన ఎప్పుడూ ఇంతే" అంటారు. అప్పుడు స్కోరు ప్రకారమే నడవండి. డాక్టర్ వచ్చి చూసి పర్వాలేదంటే పోయేదేం లేదు.

అనుభవం బాగా పనికొచ్చే చోటు, మోసం చేసే చోటు

వానాకాలంలో తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు అంటూ వచ్చిన మనిషిని డెల్టాలో పనిచేసిన సిస్టర్ అడిగే మొదటి ప్రశ్న: "రాత్రి నేల మీద పడుకున్నావా?" కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్లని కరుస్తుంది. వాపు, నొప్పి దాదాపు ఉండవు, గాటు కూడా చాలాసార్లు కనపడదు. కడుపునొప్పి ప్రోటోకాల్ పట్టుకుంటే ఆ ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. అడగడం వరకూ అనుభవం పని, ఆ తర్వాత పద్ధతిలోకి రండి. కనురెప్పలు వాలుతున్నాయా, దిండు మీంచి తల ఎత్తగలుగుతున్నాడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలడు అని పదేపదే చూసి టైమ్‌తో రాయండి. నిన్నటిదాకా కాటు కేసులు చూడని జూనియర్ కూడా, అంకె తగ్గుతోందంటే శ్వాస కండరాలు బలహీనపడుతున్నాయని పట్టుకోగలుగుతుంది.

పాముకాటు అనుమానం ఉన్నప్పుడు చేసే ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకి కొత్త, పొడి గాజు ట్యూబే వాడండి. ప్లాస్టిక్ ట్యూబులో చేసినా, సబ్బుతో కడిగిన ట్యూబులో చేసినా ఫలితం నమ్మలేం. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు వంచి చూడాలి. రక్తం గడ్డకట్టలేదంటే రక్తపింజర లాంటిది అనుకోవచ్చు. గడ్డకట్టింది కదా అని పాముకాటు కాదనుకోకండి, కట్లపాము, నాగుపాము విషం రక్తం గడ్డకట్టడాన్ని పాడుచెయ్యదు.

ఇక మోసం చేసే చోటు. కొబ్బరి దింపులో పడిపోయినవాణ్ణో, తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుణ్ణో తీసుకొస్తారు. దగ్గరికి వెళ్తే కల్లు వాసన. "తాగున్నాడులే, తెల్లారితే లేస్తాడు" అనే మాట వార్డులో ఎవరో ఒకరి నోట వస్తుంది. నిజంగానే ఎంతోమంది అలా తెల్లారేసరికి లేచి ఉంటారు, అందుకే ఆ మాట అంత ధైర్యంగా వస్తుంది. తలలో రక్తం గడ్డకడుతున్నవాడూ మత్తుగానే ఉంటాడు. ఇక్కడ మీ అనుభవాన్ని పక్కన పెట్టి 1974లో గ్లాస్గోలో తయారైన, స్పృహని అంకెల్లో కొలిచే కోమా స్కేల్ పట్టుకోండి. కళ్లు, మాట, కదలిక మూడూ విడివిడిగా రాయండి, మొత్తం ఒక్కటే రాస్తే ఏది దిగజారిందో తెలియదు. అరగంటకోసారి చూడండి. కళ్లు 3, మాట 4, కదలిక 6 ఉన్నవాడు కాసేపటికి కళ్లు 3, మాట 3, కదలిక 5 అయితే అది కల్లు కాదు. కల్లు మత్తు గంటలు గడిచేకొద్దీ తగ్గాలి, పెరగకూడదు. మెడ కదపకుండా, రెండు కంటిపాపలూ చూసి, వెంటనే ఫోన్ చెయ్యండి.

షుగర్ పేషెంట్ "గుండెల్లో మంట, గ్యాస్" అంటే కూడా ఇదే సంగతి. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి. గ్యాస్ అవునో కాదో తర్వాత చూసుకోవచ్చు.

అనుభవంతో పని లేని పనులు

కొన్ని పనులు ఎంత సీనియర్ అయినా ప్రతిసారీ లిస్టు ప్రకారమే చెయ్యాలి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తున్నారనుకోండి. ప్రతి డోసుకి ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందా, శ్వాస 16కి తగ్గకుండా ఉందా, గత నాలుగు గంటల్లో యూరిన్ కనీసం 100 మిల్లీలీటర్లు వచ్చిందా అని చూడాలి. ఏ ఒక్కటి లేకపోయినా డోసు ఆపి డాక్టర్‌కి చెప్పాలి. దానికి విరుగుడైన పది శాతం కాల్షియం గ్లూకోనేట్ ఆ బెడ్ పక్కనే ఉండాలి. రక్తం ఎక్కించేటప్పుడు బెడ్ దగ్గర ఇద్దరు చదివి సరిచూడటం, ఇన్సులిన్, పొటాషియం లాంటి మందులు రెండోసారి చూపించుకోవడం కూడా ఇంతే. ఇక్కడ "నాకు తెలుసులే" అన్న మాటే వద్దు.

ఫోన్‌లో ఎలా చెప్పాలి

"సార్, పన్నెండో బెడ్ పేషెంట్‌కి బాగోలేదు సార్" అంటే నిద్రమత్తులో ఉన్న డాక్టర్ "సరే, చూస్తూ ఉండండి" అంటారు. అది మొత్తంగా వాళ్ల తప్పూ కాదు. అమెరికా అణు జలాంతర్గాముల్లో మొదలై తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చిన ఎస్‌బార్ పద్ధతి ఇందుకే. ఇప్పుడేం జరుగుతోంది, ముందు సంగతేమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి అన్న నాలుగు ముక్కలు. ఆ డెంగ్యూ అమ్మాయి గురించి ఇలా చెప్పండి:

"సార్, ఫిమేల్ మెడికల్ వార్డు స్టాఫ్ నర్సుని. పన్నెండో బెడ్, బీపీ 104/86, తేడా 18 మాత్రమే ఉంది, చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయి. డెంగ్యూ ఐదో రోజు, మధ్యాహ్నం నుంచి జ్వరం లేదు. హెమటోక్రిట్ నిన్న 38, ఈరోజు 46. యూరిన్ ఒక్కసారే వెళ్లింది. షాక్‌లోకి వెళ్తోందనిపిస్తోంది సార్. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి. ఈలోపు ఫ్లూయిడ్ ఎంత రేటులో పెట్టమంటారు?"

మూడో ముక్క, అంటే మీకేమనిపిస్తోందో, చెప్పడానికి మనవాళ్లు మొహమాటపడతారు. డయాగ్నోసిస్ చెప్పడం మన పని కాదేమో అనుకుంటారు. రోగం పేరు చెప్పక్కర్లేదు. "నాకు టెన్షన్‌గా ఉంది సార్, ఈ పేషెంట్ ఈ రాత్రి సేఫ్‌గా ఉంటుందనిపించట్లేదు" అన్నా చాలు. ఫోన్‌లో ఇచ్చిన ఆర్డర్ తిరిగి చదివి వినిపించండి. ఎన్ని గంటలకు ఫోన్ చేశారో, ఏం చెప్పారో, ఏం అన్నారో రాయండి. డాక్టర్ రాకపోతే ఆ పైవాళ్లు ఎవరో, వాళ్ల నంబరేమిటో డ్యూటీ ఎక్కేముందే తెలుసుకుని ఉండండి.

దూరాన్ని కూడా లెక్కలో వేయండి

ఏ స్కోరులోనూ ఏరు ఉండదు. ఐసీయూ అదే బిల్డింగులో ఉన్న ఆసుపత్రిలో 5కీ 7కీ మధ్య ఆగి చూడొచ్చు. లంక ఊళ్ల నుంచి వచ్చే కేసుకి, కాకినాడో రాజమహేంద్రవరమో చేరాల్సిన కేసుకి అలా కుదరదు. ఇక్కడి నుంచి పేషెంట్ చేరే సమయాన్ని ముందు లెక్క వేసుకుని, ఆ సమయానికి ఎలా ఉంటాడో ఊహించి ఇప్పుడు నిర్ణయం తీసుకోండి.

వరద రోజుల్లో ఇది మరీ ముఖ్యం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన లంకల్లో పెద్దవాళ్లు ఆ అంకె వింటారు, ఏటిగట్టు మీదికెళ్లి నీటి రంగూ వడీ కూడా చూస్తారు. రెండూ చూశాకే పశువుల్ని గట్టెక్కిస్తారు. మీరూ ఆ అంకెను మీ డ్యూటీలో భాగం చేసుకోండి. మొదటి హెచ్చరిక రోజే నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల లిస్టు ఏఎన్ఎంతో కూర్చుని తయారు చెయ్యండి. 2022 జూలైలో లాగా గోదావరి మూడో హెచ్చరిక దాటి, కాజ్‌వేలు మునిగాక, పడవ మీద గర్భిణిని గట్టుకి చేర్చి అక్కడి నుంచి 108 ఎక్కించడం కంటే రెండు రోజులు ముందే తీసుకొచ్చి వార్డులో ఉంచడం ఎంతో సురక్షితం. ఆ గర్భిణికి ఆ రోజు స్కోరు సున్నాయే రావచ్చు. అయినా తీసుకురావాలి.

అనుభవాన్ని కావాలని పెంచుకోండి

సర్వీసు పెరిగినంత మాత్రాన చూపు పదునెక్కదు. మనం అనుకున్నది నిజమైందో కాదో తెలిస్తేనే పదునెక్కుతుంది. అందుకని చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పేషెంట్ పేరు, ఐపీ నంబర్ రాయొద్దు. నాకేం కనిపించింది, ఏమనుకున్నాను, స్కోరు ఎంత, మర్నాటికి ఏమైంది అని నాలుగు గడులు చాలు. కొన్నాళ్లు రాస్తే మీ కన్ను దేన్ని బాగా పట్టుకుంటుందో, దేన్ని ఎప్పుడూ వదిలేస్తుందో మీకే కనిపిస్తుంది.

ఇంకో మాట, వార్డు మారితే అనుభవం పూర్తిగా వెంట రాదు. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సు ఎదుగుదలని ఐదు మెట్లుగా వివరించినప్పుడే ఈ సంగతి చెప్పింది. లేబర్ రూమ్‌లో పదిహేనేళ్లు చేసిన మేడమ్ డయాలసిస్ యూనిట్‌కి వెళ్తే అక్కడ ఆవిడా కొత్తే. మొదటి నెలలు చెక్‌లిస్టు పట్టుకుని, జూనియర్‌ని అడిగి చెయ్యడంలో తప్పేం లేదు. ఆ జూనియర్ కూడా మర్యాదగా చెప్పాలి.

సీనియర్లకి ఒక విన్నపం. జూనియర్ వచ్చి "మేడమ్, ఈయన తేడాగా ఉన్నాడు" అంటే "ఏం కాదులే" అనకండి. "నీకేం కనిపించింది?" అని అడిగి, లేచి వెళ్లి చూడండి. మీకు ఏం కనిపించిందో బెడ్ దగ్గరే నోటితో చెప్పండి. "చూడు, మెడ కండరం లోపలికి లాగుతోంది, మాట రెండు ముక్కలుగా వస్తోంది" అని వేలు పెట్టి చూపిస్తేనే మీరు చూసింది ఆ అమ్మాయికీ కనిపిస్తుంది.

మన చిన్న ఆసుపత్రుల్లో పెద్ద ఇబ్బంది, రిఫర్ చేసిన కేసు తర్వాత ఏమైందో తెలియకపోవడం. 108 గేటు దాటగానే మనకు ఆ కథ ఆగిపోతుంది. ఈ అలవాటు మార్చండి. రిఫర్ చేసిన మర్నాడు ఉదయం డాక్టర్ ద్వారానో ఇన్‌చార్జి సిస్టర్ ద్వారానో అక్కడి వార్డుకి ఫోన్ చేయించి మూడు సంగతులు కనుక్కోండి. చేరేసరికి బీపీ, పల్స్, స్పృహ ఎలా ఉన్నాయి? చివరికి ఏమని తేల్చారు? ఇక్కడ ముందే చేసి పంపాల్సింది ఏమైనా మిగిలిపోయిందా? ఆ జవాబుల్ని, పేషెంట్ పేరు లేకుండా, ఆ మధ్యాహ్నం హ్యాండోవర్‌లో రెండు షిఫ్టులవాళ్లూ ఉన్నప్పుడు చదవండి.